మారాలని ఉన్నా మారలేకపోవడం: మనోవిశ్లేషణలో ‘ప్రతిఘటన’ అనే మాట గురించి

ప్రశ్న: “బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. తొమ్మిది నెలలుగా ప్రతి వారం మనోవిశ్లేషణ పద్ధతిలో పనిచేసే ఒక థెరపిస్టు దగ్గరకు వెళ్తున్నాను. ఆమెకు తెలుగు వచ్చు, కానీ మేము ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. మారాలని నిజంగానే ఉంది. కాస్త తేరుకోగానే మళ్ళీ మొదటికి వస్తున్నాను. సెషన్ ఉన్న రోజు ఆఫీసులో ఏదైనా మీటింగ్ పడితే లోలోపల సంతోషంగా ఉంటుంది. పోయిన వారం ఇక మానేస్తానని చెబితే ‘ఇది మీ ప్రతిఘటన’ అన్నారు. నేరం చేసి పట్టుబడినట్టు అనిపించింది. నిజంగా నేనే మారకుండా అడ్డుపడుతున్నానా? లేక తమ పద్ధతి పనిచేయనప్పుడు తప్పు మన మీదకు నెట్టడానికి వీళ్ళు కనిపెట్టుకున్న మాటా ఇది?”

మీ రెండు అనుమానాలూ నిజం కావచ్చు. మీలో ఒక భాగం మార్పుకు అడ్డుపడుతూ ఉండవచ్చు. చికిత్స చేసేవాళ్ళు తమ లోపాన్ని కప్పుకోవడానికి ఈ మాట వాడిన సందర్భాలూ చాలా ఉన్నాయి. ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం అయిపోదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే ఊళ్ళో ఈ పని చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో సగానికి పైగా తెలుగువాళ్ళు. ఈ మాట వల్ల మేలు జరగడం చూశాను, గాయపడిన మనుషులనూ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి. 1892లో వియన్నాలో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి ఒకరు కాళ్ళ నొప్పులతో డాక్టరు ఫ్రాయిడ్ దగ్గరకు వచ్చింది. మనకే తెలియకుండా మనసు అణచిపెట్టినదాన్ని మాటల ద్వారా బయటికి తెచ్చి చూసే మనోవిశ్లేషణ చికిత్సకు ఆద్యుడు ఆయనే. రెండేళ్ళకు పైగా నడక కష్టంగా ఉంది. ఫ్రాయిడ్ తన రాతల్లో ఆమెను ఎలిజబెత్ అన్నాడు, అసలు పేరు అది కాదు. అప్పటికి ఆయన హిప్నాటిజం మీద నమ్మకం తగ్గించుకుంటున్నాడు. దాని బదులు నుదుటి మీద చేత్తో నొక్కి, ఆ క్షణంలో మనసుకు ఏది తోస్తే అది చెప్పమనేవాడు. ఎలిజబెత్ కొన్నిసార్లు గడగడా చెప్పేది. కొన్నిసార్లు ఏమీ తోచడం లేదనేది. ఏమీ తోచని మనిషి ముఖం అలా ఉండదని ఫ్రాయిడ్ గమనించాడు. ఏదో తోచింది, దాన్ని ఏదో శక్తి నోటి దాకా రానివ్వడం లేదు. ఆ జ్ఞాపకాన్ని మొదట మనసులోంచి బయటికి నెట్టిన శక్తీ, ఇప్పుడు దాన్ని తిరిగి రానివ్వని శక్తీ ఒకటేనని ఆయనకు తట్టింది. 1895లో తోటి వైద్యుడు బ్రాయర్‌తో కలిసి ప్రచురించిన ‘హిస్టీరియా అధ్యయనాలు’ అనే పుస్తకంలో ఈ కథంతా ఉంది.

ఆమె దాచుకున్నది ఏమిటంటే, అక్క చనిపోయిన మంచం పక్కన నిలబడినప్పుడు మెరుపులా వచ్చిన ఒక్క తలంపు: బావకు ఇక అడ్డు లేదు, నన్ను చేసుకోవచ్చు. తెలుగు పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్క పోతే చెల్లెలిని బావకే ఇచ్చి చేసిన ఇళ్ళు మనకు ఎన్నో తెలుసు. పెద్దలు కూర్చుని ఆ మాట అంటే అది బాధ్యత. అదే తలంపు అందరికంటే ముందు, శవం ఇంకా లేవకముందే, చెల్లెలి మనసులో మెదిలితే ఆ పిల్ల తనను తాను ఏమనుకుంటుంది? దాన్ని దాచడానికి ఆమె మనసు కాళ్ళనే పణంగా పెట్టింది.

ప్రతిఘటన అంటే మొదటి నుంచీ ఇదే. రోగి మొండితనమో, చెడ్డతనమో దానికి మూలం అని ఫ్రాయిడ్ అనలేదు. భరించలేనిదేదో ఉంది, దాని ముందు ఒక కాపలా నిలబడి ఉంది. ఆ కాపలా ఒకప్పుడు ఆ మనిషిని బతికించింది.

మా తాతగారిది మదనపల్లె దగ్గర పల్లె. బండి ఎద్దు నడుస్తూ నడుస్తూ మొరాయిస్తే పక్కవాళ్ళు చెర్నకోల అందుకునేవారు. తాత కిందికి దిగి, కాడి ఎత్తి, మెడ చూసేవారు. తరవాత గిట్ట ఎత్తి లాడం చూసేవారు. తొంభై శాతం కాడి కింద పుండే ఉంటుంది అనేవారు. నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ముందు ఈ విషయం ఆయన దగ్గర నేర్చుకున్నాను, కానీ నేర్చుకున్నానని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నా గదిలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఆ మనిషి అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. ఒక్క మాట మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఇందులో ఏమీ మిగలదు.

అతను వైట్‌ఫీల్డ్‌లో ఇంజనీరు. ముప్పై నాలుగేళ్ళు. ప్రమోషన్ వచ్చిన రెండు నెలలకే నిద్ర పోయింది, ఎప్పుడూ చేయని తప్పులు చేస్తున్నాడు, ఉద్యోగం వదిలేసి ఊరికి వెళ్ళిపోవాలని ఉంది. మంగళవారం సాయంత్రం ఆరున్నర అతని సమయం. నా గది జయనగర్‌లో, రెండో అంతస్తులో. ఆ భవనానికి లిఫ్టు లేదు. ప్రతి వారం ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడు. “సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోయాను మేడమ్” అనేవాడు. ఆ కూడలి దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి నేనూ ఏమీ అనలేదు. అప్పటికి నాలుగు నెలలైంది. అన్నీ ఇంగ్లీషులోనే, చక్కటి వాక్యాల్లో మాట్లాడేవాడు. తన నిద్రలేమి గురించి, తన ఒత్తిడి గురించి, వేరొకరి నివేదిక చదువుతున్నట్టు చెప్పేవాడు.

దసరా సెలవులకు ఊరు సగం ఖాళీ అయిన ఒక మంగళవారం కూడా ఆరూ యాభైకే వచ్చాడు. రోడ్లు ఖాళీగా ఉన్నాయి కదా అన్నాను. నిలదీయలేదు, ఊరికే అన్నాను. చాలాసేపు కార్పెట్ వైపు చూశాడు. తరవాత మొదటిసారి తెలుగులో అన్నాడు:

“కిందే ఉన్నాను మేడమ్. ఆరుంబావుకే వచ్చాను. కారులోనే కూర్చున్నాను. ప్రతి వారం అంతే. పైకి రావాలంటే కాళ్ళు రావడం లేదు.”

నేను “పైకి రావాలంటే...” అని మాత్రం అన్నాను.

మెట్ల గురించి ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. అది తన తండ్రి మాట అన్నాడు. చిన్నప్పటి నుంచి వేల సార్లు విన్న మాట: “నువ్వు పైకి రావాలిరా.” ఇంజనీరింగ్ ఫీజు కోసం తండ్రి రెండెకరాలు అమ్మాడు. ఇప్పటికీ ఊళ్ళో కౌలుకు తీసుకున్న పొలంలోనే దిగబడి ఉన్నాడు. నగరానికి రమ్మంటే రాడు. ఇతను ఒక్కో మెట్టు ఎక్కుతుంటే కిందిమెట్టుగా ఆ రెండెకరాలే కనిపిస్తున్నాయి. పైగా ఇక్కడికి వచ్చి ఏం మాట్లాడాలి? చిన్నప్పుడు ఆ తండ్రి చేతిలో తిన్న దెబ్బల గురించి. “నాకోసం పొలం అమ్ముకున్న మనిషి మీద చాడీలు చెప్పడానికి, ఆయన వారమంతా కష్టపడినా రాని డబ్బు మీకు ఇచ్చి, మెట్లెక్కి రావాలా?” అన్నాడు.

ఆ ఇరవై నిమిషాలు అతను కారులో కూర్చుని చేస్తున్న పని అదే. తండ్రితో పాటు కింద ఉండడం. దాన్ని బద్ధకమనో, సమయపాలన లేదనో అని ఉంటే నేను ఆ తండ్రీకొడుకుల మధ్య ఉన్న ప్రేమను తొక్కి వెళ్ళేదాన్ని.

ఎలిజబెత్ కూడా తన కాళ్ళ గురించి ఇలాంటి మాటే అనేది. తాను ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోతున్నానని. శరీరం భాషను అక్షరాలా తీసుకుంటుందని ఫ్రాయిడ్ ఆమె దగ్గరే తెలుసుకున్నాడు. గెలిచినప్పుడే కుప్పకూలే మనుషుల గురించి ఆయన 1916లో రాశాడు. ఆ తరవాత ఎనభై ఏళ్ళ వయసులో, 1936లో, తన సంగతే రాశాడు. 1904లో తమ్ముడితో ఏథెన్స్ వెళ్ళి అక్రోపొలిస్ మీద నిలబడినప్పుడు సంతోషం బదులు, ఇదంతా నిజంగా ఉందా అనే వింత అనుమానం కలిగింది. ముప్పై ఏళ్ళ తరవాత దానికి అర్థం వెతికితే తేలింది ఏమిటంటే, ఉన్ని వ్యాపారం చేసుకునే తండ్రికి ఆ చోటు అందలేదు, అందినా దాని విలువ తెలిసేది కాదు. తండ్రిని దాటి వెళ్ళడం ఇంకా తప్పుగానే ఉంది. పొలం అమ్మి చదివించిన తరం పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ వ్యాసంలోని సంగతి నాకు వైట్‌ఫీల్డ్ నుంచి, బెళ్ళందూరు నుంచి ప్రతి వారం వినిపిస్తూనే ఉంటుంది.

ఇంత బయటపడ్డాక అతను సరైన సమయానికి వచ్చాడా? తరవాతి మంగళవారం ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యం. నాకు నిరాశ కలిగిందని ఒప్పుకోవాలి. తెలిసింది కదా, ఇక మారాలి కదా అని నాలోనే ఎవరో అంటున్నారు. ‘మొదటికి వస్తున్నాను’ అని మీరు రాసిన చోట మీరు కూడా మీతో అలాగే మాట్లాడుకుంటున్నట్టు నాకు వినిపించింది. తెలియడం ఒకటి, మారడం మరొకటి. ఈ తేడాను ఫ్రాయిడ్ 1914లో ఒక చిన్న వ్యాసంలో రాశాడు. మనిషి మరిచిపోయినదాన్ని గుర్తు చేసుకోడు, చేసి చూపిస్తాడు, అది తాను చేస్తున్నానని తెలియకుండానే మళ్ళీ మళ్ళీ చేస్తాడు. అడ్డుపడుతున్నదేమిటో పేరు చెప్పి ఊరుకుంటే చాలదు, దానితో కలిసి చాలాకాలం ఉండాలి, వేర్వేరు వైపుల నుంచి దాన్ని తిరిగి తిరిగి చూడాలి అన్నాడు. నా అనుభవంలో ఈ చికిత్సలో ఎక్కువ కాలం గడిచేది ఇక్కడే, బయటికి ఏమీ జరుగుతున్నట్టు కనిపించనిదీ ఇక్కడే. ఆ ఇంజనీరుకు ఏడాది పైన పట్టింది. ఇరవై నిమిషాలు పదిహేనయ్యాయి, మళ్ళీ ఇరవై, తరవాత ఎనిమిది. ఒక మంగళవారం ఆరున్నరకు ముందే మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ వారమే తండ్రి మీద కోపం తెలుగులో, గట్టిగా, ఏడుస్తూ బయటికి వచ్చింది.

సిద్ధాంతం సంగతి కొంత చెప్పాలి. 1926లో ఫ్రాయిడ్ ప్రతిఘటనను ఐదు రకాలుగా విడదీశాడు. మూడు అహం నుంచి వస్తాయి. అహం అంటే ఇక్కడ గర్వం కాదు, మనసులో ‘నేను’ అనుకునే భాగం. మొదటిది, అణచిన సంగతి బయటపడకుండా చూసుకోవడం. రెండోది, పాత మనుషుల మీద ఉన్న ప్రేమనూ కోపాన్నీ చికిత్స చేసే మనిషి మీదకు తెచ్చి అక్కడ చిక్కుకుపోవడం. మూడోది, జబ్బు వల్ల దొరికే లాభాన్ని వదులుకోలేకపోవడం. ఈ మూడోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పెద్ద కుటుంబంలో కోడలికి తలనొప్పి వచ్చిన రోజే కాసేపు తలుపు వేసుకుని పడుకునే హక్కు దొరికితే, ఆ తలనొప్పి తగ్గితే ఆమెకు ఏం మిగులుతుందో చూడకుండా తగ్గించబోవడం క్రూరత్వం. నాలుగోది పుట్టుకతో వచ్చే సహజ ప్రేరణల లోతుల్లోంచి వచ్చే అలవాటు బలం, పాతదాన్నే మళ్ళీ మళ్ళీ చేయించేది. ఐదోది అన్నిటికంటే కష్టమైనది. అంతరాత్మలోని అపరాధభావం నుంచి వస్తుంది. మీరు అడిగినదానికి దగ్గరగా ఉన్నది ఇదే. మెరుగుపడిన వెంటనే దిగజారే మనుషుల గురించి ఆయన 1923లోనే రాశాడు. బాధ తగ్గితే వాళ్ళకు ఊరట కలగదు, శిక్ష తప్పించుకున్నట్టు ఉంటుంది. తమకు అపరాధభావం ఉందని వాళ్ళకు తెలియనే తెలియదు, జబ్బుగా ఉందని మాత్రమే తెలుసు. మీరు ‘నేరం చేసి పట్టుబడినట్టు’ అని రాశారు. ఆ మాట దగ్గరకు మళ్ళీ వస్తాను.

స్కాట్లాండుకు చెందిన మనోవిశ్లేషకుడు ఫెయిర్‌బెయిర్న్ 1943లో దీనికి ఇంకో వైపు చూపించాడు. కొట్టే తండ్రి, పట్టించుకోని తల్లి ఉన్న పిల్లలకు ఆ అమ్మానాన్నలు తప్ప వేరే దిక్కు లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళని ఒప్పుకుంటే ప్రపంచమంతా చెడ్డదైపోతుంది. దానికంటే చెడ్డది నాలోనే ఉంది అనుకుంటే కాస్త ఆశ ఉంటుంది, నేను మారితే వాళ్ళు ప్రేమిస్తారు అనే ఆశ. అలా పెరిగిన మనిషికి ‘నీ తప్పేమీ లేదు’ అని చెబితే మనం ఆ చివరి ఆశను లాగేసుకుంటున్నట్టే. వాళ్ళు మన మీద తిరగబడితే ఆశ్చర్యం ఏముంది? నాకు ఫ్రాయిడ్ చెప్పిన అపరాధభావం కంటే ఈ వివరణే ఎక్కువసార్లు పనికొచ్చింది.

ఇక మీ రెండో ప్రశ్న. తప్పు రోగి మీదకు నెట్టడానికి వాడే మాటా?

కొన్నిసార్లు అవును. నేనే వాడాను. పని మొదలుపెట్టిన రెండో ఏట ఒక తెలుగు గృహిణి “ఇక్కడికి వచ్చి మాట్లాడితే ఏం లాభమో తెలియడం లేదు” అంది. పుస్తకంలో నేర్చుకున్న వాక్యం నా నోట్లో సిద్ధంగా ఉంది. మీరు మార్పును ప్రతిఘటిస్తున్నారు అన్నాను. ఆమె తల ఊపింది, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది, డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. మళ్ళీ రాలేదు. నా పనిని పర్యవేక్షించే పెద్దాయన అంతా విని, “ఆమె ఇంట్లో ఆమె ఏమన్నా అది తప్పే అంటారని నువ్వే రాశావు కదా” అన్నారు. అత్తగారింట్లో ఆమెకు జరుగుతున్నదే నా గదిలో నేను మళ్ళీ జరిపించాను. ఆ రోజు మార్పుకు అడ్డుపడింది నేను. నాకు పని చేతకావడం లేదనే భయాన్ని ఆమె మీద పెట్టాను. ఈ రోజుకీ ఆ డబ్బు లెక్కపెట్టిన వేళ్ళు గుర్తొస్తాయి.

ఫ్రాయిడ్‌కే ఇలా జరిగింది. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, ఆయన డోరా అని పేరు పెట్టాడు, మూడు నెలలైనా గడవకముందే 1900 డిసెంబరు 31న చికిత్స మానేసింది. తండ్రి స్నేహితుడు తన మీద చేయి వేశాడని ఆమె చెబితే, ఆమెకు అది లోలోపల ఇష్టమేనని ఫ్రాయిడ్ పట్టుబట్టాడు. 1905లో ప్రచురించినప్పుడు, ఆమె తన మీదకు ఏమి తెచ్చి పెట్టిందో సమయానికి చూడలేకపోయానని ఒప్పుకున్నాడు. ఆమె మాట నమ్మకపోవడమే అసలు తప్పు అని ఈ రోజు చదివేవాళ్ళలో నాతో సహా చాలామంది అంటారు. రోగి అవునంటే అవును, కాదంటే అదీ అవునే అనేలా విశ్లేషకుడే ఎప్పుడూ గెలుస్తాడన్న విమర్శ ఆయన కాలంలోనే ఉంది. 1937లో ఒక వ్యాసం ఆ విమర్శతోనే మొదలుపెట్టాడు. అవునన్నంత మాత్రాన అవును కాదు, కాదన్నంత మాత్రాన కాదు కాదు, తరవాత కొత్త జ్ఞాపకాలు వస్తున్నాయా లేదా అన్నదే చూడాలన్నది ఆయన జవాబు. అది సరైన కొలమానమే. కానీ ఎదుటి మనిషి చెప్పింది నిజం కావచ్చన్న వినయం లేనివాళ్ళ చేతిలో అదీ ఆయుధమే. అసలు ప్రతిఘటన అనేది ఒక్కటే ఉంది, అది విశ్లేషకుడిదే అని 1950లలో ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్ తన ఉపన్యాసాల్లో అన్నాడు. అంత దూరం నేను వెళ్ళను. అయినా ఎవరైనా కదలకుండా ఆగిపోతే ముందు నా వైపు చూసుకోవడం ఆ మాట వల్లే అలవాటైంది.

మనుషుల దాకా ఎందుకు, ఈ శాస్త్రం మొత్తానికీ ఆ జబ్బు ఉంది. 1932లో ఫ్రాయిడ్ దగ్గరి సహచరుడు ఫెరెంజి, జర్మనీలోని విస్‌బాడెన్‌లో జరిగిన మనోవిశ్లేషకుల మహాసభలో ఒక ప్రసంగం చేశాడు. పిల్లల మీద పెద్దలు చేసే అత్యాచారాలు రోగుల ఊహలు కావు, నిజంగా జరిగినవే, వైద్యుడి కపటం వాటిని మళ్ళీ జరిపిస్తుంది అని. ఫ్రాయిడ్ దాన్ని చదవవద్దని కోరాడు. ఫెరెంజి చదివాడు, మరుసటి ఏడాది చనిపోయాడు. ఆ వ్యాసం ఇంగ్లీషులో రావడానికి 1949 దాకా పట్టింది. స్వలింగ ప్రేమ జబ్బు కాదని అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో తేల్చింది. అక్కడి మనోవిశ్లేషకుల సంఘం స్వలింగ ప్రేమికులకు శిక్షణలో వివక్ష ఉండకూడదని 1991లో గానీ ఒప్పుకోలేదు. క్షమాపణ చెప్పడానికి 2019 వచ్చింది. ఎదుటివాళ్ళు పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్నారని రోజంతా చెప్పే మనుషులు తమ సొంత పాతదాన్ని అంతకాలం వదల్లేకపోయారు. దానివల్ల దెబ్బతిన్న జీవితాలు ఎన్నో. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మన దేశం సంగతి కూడా ఇందులో ఉంది. గిరీంద్రశేఖర్ బోస్ 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిపాడు. ప్రతి కోరికకూ దానికి ఎదురైన కోరిక ఒకటి లోపల ఉంటుందని, భారతీయ పురుషుల్లో స్త్రీగా ఉండాలనే కోరిక యూరప్‌లోకంటే పైకి కనిపిస్తుందని తన రోగులను చూసి వాదించాడు. ఫ్రాయిడ్ మర్యాదగా విన్నాడు గానీ తన సిద్ధాంతంలో ఏమీ మార్చుకోలేదు. 1931లో కలకత్తా నుంచి వెళ్ళిన దంతపు విష్ణుమూర్తి విగ్రహాన్ని మాత్రం తన బల్ల మీద పెట్టుకున్నాడు.

యూరప్‌లో పుట్టిన సిద్ధాంతం మన మనుషులకు అచ్చంగా సరిపోకపోవడం ఇక్కడి థెరపిస్టులకు రోజూ ఎదురయ్యే సంగతి. “మీరే చెప్పండి మేడమ్, నేనేం చేయాలి” అని తెలుగు మనిషి అడిగితే, పాఠ్యపుస్తకం ప్రకారం అది బాధ్యత తప్పించుకోవడం. కానీ పెద్దలను అడిగి అడుగు వేయడం మనకు మర్యాద. మన దేశపు మనోవైద్యుడు జె. ఎస్. నెకీ 1973లో గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు ఒక నమూనాగా చూడవచ్చని రాసింది ఇందుకే. అలాగే, కానుకలు తీసుకోకూడదని నాకు నేర్పారు. తిరుపతి వెళ్ళొచ్చిన మనిషి లడ్డూ ప్రసాదం చేతిలో పెడితే వద్దనడం ఎలా? కళ్ళకద్దుకుని తీసుకుంటాను. నాకోసం కొండ మీద ఏం మొక్కుకున్నారో రెండు వారాల తరవాత అడుగుతాను. ఆ జవాబుల్లో చాలా దొరుకుతుంది.

ఇంకో సంగతి. అన్నీ ప్రతిఘటన కావు. రాత్రి పదింటికి పని ముగిసే మనిషి పొద్దున్నే సెషన్‌కు రాలేకపోతే అది అలసట. ఫీజు భారమైతే అది డబ్బు. ఎంత ప్రయత్నించినా ఒళ్ళు బరువుగా, మనసు మందంగా ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష, రక్తహీనత పరీక్ష చేయించుకోండి. కుంగుబాటు తీవ్రంగా ఉంటే మందు కావాలి, మాట ఒక్కటే చాలదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే వచ్చే సెషన్ దాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మీ థెరపిస్టు ఎలాంటివారో నాకు తెలియదు కాబట్టి తీర్పు చెప్పను. ఒక గుర్తు చెప్పగలను. మానేస్తానన్నప్పుడు ఆమెకు కుతూహలం కలిగిందా, కోపం వచ్చిందా? ‘ఇది మీ ప్రతిఘటన’ అన్న తరవాత ఏమన్నారు? అది దేన్ని కాపాడుతోందో మీతో కలిసి చూద్దామన్నారా, లేక అక్కడితో మాట తెగిపోయిందా? మాట తెగిపోయి ఉంటే ఆ వాక్యం ఆమె అవసరం కోసం వచ్చింది. ఆ సంగతి ఆమెతో చెప్పే హక్కు మీకు ఉంది. మంచి థెరపిస్టు అయితే అది విని ఆగి ఆలోచిస్తారు. రెండు మూడుసార్లు చెప్పినా ప్రతిసారీ తిరిగి మీ మీదకే వస్తే మారిపోండి. ఆ మారడం ప్రతిఘటన కాదు.

ఇంగ్లీషు సంగతి కూడా వదలకండి. లాస్ ఏంజెలెస్‌లో మనోవిశ్లేషకుడు గ్రీన్‌సన్ 1950లో మాతృభాష మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన రోగి ఒకామె పుట్టిన భాష జర్మన్. ఆ భాషలో తాను భయపడే మురికి పిల్లనని, ఇంగ్లీషులో మర్యాద తెలిసిన స్త్రీనని చెప్పి జర్మన్ మాట్లాడడానికి జంకేది. తెలుగువాళ్ళు నా గదిలో ‘నాకు యాంగ్జైటీ’ అన్నప్పుడు కళ్ళు పొడిగానే ఉంటాయి. ‘నాకు భయమేస్తోంది’ అన్నప్పుడు గొంతు మారుతుంది. ఆ ఇంజనీరు కింద కారులో ఉన్నానని ఇంగ్లీషులో చెప్పి ఉంటే ‘పైకి రావడం’ ఆ వాక్యంలోకి వచ్చేదే కాదు, నేను వినేదాన్నీ కాదు.

మీరు ఈ ప్రశ్నంతా తెలుగులో రాశారు. తొమ్మిది నెలలుగా ఆ గదిలో చెప్పనిది, మీటింగ్ పడితే కలిగే సంతోషం కూడా, ఇందులో చెప్పారు. వచ్చే వారం ఇదే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆమెకు తెలుగు వచ్చు కదా, తెలుగులోనే చదివి వినిపించండి. ‘నేరం చేసి పట్టుబడినట్టు’ అన్న చోటికి వచ్చేసరికి చదవడం ఆపి కాసేపు ఊరుకోండి. ఏం నేరం, ఎవరికి పట్టుబడ్డారు అని ఆమె అడగవచ్చు, అడగకపోతే మీరే చెప్పడం మొదలుపెట్టవచ్చు. ఆ రోజే జవాబు రాకపోయినా పరవాలేదు.